ఓటరు చేతికి ఒక నిష్పాక్షికమైన కాగితం



పటం తీసి మన పావగడ తాలూకాను చూస్తే, తుమకూరు జిల్లాలోని తక్కిన తాలూకాల నుండి కొంచెం ఎడంగా జరిగి, ఆంధ్రప్రదేశ్ ఒడిలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాలు మనకు ఇరుగుపొరుగు. మన ఇంట్లో మాట తెలుగు. పిల్లల చదువు కన్నడం. తాలూకా కచేరీలో అర్జీ కన్నడం. సాయంత్రం టీవీలో వినే వార్తలు మళ్ళీ తెలుగు. ఈ రెండు భాషల నడుమ మనం హాయిగానే కాలం గడుపుతున్నాం. అయితే ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం ఇందులో ఒక చిక్కు బయటపడుతుంది. ఆ చిక్కు ఏమిటో, దాన్ని మన చేతులతో మనమే ఎలా విప్పుకోవచ్చునో ఈ రోజు మాట్లాడుకుందాం.

2024 లోక్‌సభ ఎన్నికల సంగతి గుర్తు చేసుకోండి. మన పావగడకు పోలింగు ఏప్రిల్ 26న జరిగింది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో మే 13న జరిగింది. అక్కడ లోక్‌సభకూ, శాసనసభకూ కలిపి రెండు ఓట్లు. మనకు లోక్‌సభకు ఒకటే ఓటు. మన శాసనసభ ఎన్నిక అంతకు ముందే, 2023 మే 10న ముగిసింది. ఆ వేసవిలో మా వీధిలోని ఒక అవ్వ నన్ను నిలబెట్టి, "ఓటు వచ్చే నెల పదమూడో తేదీ కదప్పా, టీవీలో చెప్తా ఉండారు. రెండు ఓట్లంట కదా" అని అడిగింది. "లేదవ్వా, అది ఆ పక్కోళ్ళకు. మనకు ఈ నెల ఇరవై ఆరునే. ఒకటే ఓటు" అన్నాను. అవ్వ కాసేపు ఊరుకుని, "అట్లయితే మనకు నిలబడినోళ్ళు ఎవరప్పా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పేర్లు తెలియక కాదు. ముందు ఎవరి పేరు చెబితే వారికి వేయమని సార్ చెప్పాడన్నమాట మరునాటికి వీధంతా పాకుతుంది. పైగా నేను ఉపాధ్యాయుణ్ణి. ఎన్నికల విధులు మాకు పడుతుంటాయి. నా నోట ఒక పక్షం మాట రాకూడదు. అలాగని నోరు మూసుకుంటే అవ్వకు తెలిసేదెలా? ఏ పక్షానికీ చెందకుండా ఉండడమూ, ఏమీ చెప్పకుండా ఉండడమూ ఒకటే అని మనం పొరబడుతుంటాం. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది.

నిష్పాక్షికమైన సమాచారం అంటే ఏమిటి? అందరు అభ్యర్థులకూ ఒకే ప్రశ్నలు వేయాలి. ప్రతి జవాబు పక్కనా అది ఎక్కడ నుండి తెచ్చామో చెప్పాలి. చివరి మాట, అంటే ఎవరికి వేయాలన్న మాట, ఓటరుకే వదిలిపెట్టాలి. ఈ మూడు షరతులు పాటిస్తే ఎంత వివరంగా చెప్పినా పక్షపాతం కాదు. వీటిలో ఒక్కటి తప్పినా, ఎంత మర్యాదగా చెప్పినా అది ప్రచారమే.

మా వీధి అవ్వ అడిగిన మీదట నలుగురైదుగురు కాలేజీ పిల్లలు కలిసి ఒక కాగితం తయారు చేశారు. నేను అందులోని భాష మాత్రం సరిచూశాను. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకుని, మీ ఊళ్ళో మీరూ ఇలాంటి కాగితం ఎలా తయారు చేసుకోవచ్చునో వరుసగా చెబుతాను. ఈ ప్రసంగంలో ఏ అభ్యర్థి పేరూ రాదు.

మొదటిది, కాగితం పైభాగాన రాయవలసినది ఏ ఎన్నిక, ఏ నియోజకవర్గం, ఏ తేదీ అన్న మూడు సంగతులు. ఇవి అందరికీ తెలిసినవే కదా అనిపించవచ్చు. తెలియవని అవ్వ మాటే చెబుతోంది. ఇంకొక తికమక కూడా ఉంది. మన జిల్లా తుమకూరు అయినా, లోక్‌సభకు మనం చిత్రదుర్గ నియోజకవర్గంలో ఉన్నాం. కాబట్టి తుమకూరు లోక్‌సభ అభ్యర్థుల గురించి పత్రికలో ఎంత చదివినా మన ఓటింగు యంత్రంపై వారి పేర్లు ఉండవు. శాసనసభకు పావగడే ఒక నియోజకవర్గం. ఈ రెండు స్థానాలూ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవి. గ్రామ పంచాయతీ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది, అక్కడ పార్టీ గుర్తులు ఉండవు. ఏ ఎన్నికో తెలిస్తేనే ఏ పని ఎవరిని అడగాలో తెలుస్తుంది. వీధి కొళాయి చెడిపోతే పార్లమెంటు సభ్యుణ్ణి అడిగి ప్రయోజనం లేదు. రైలుమార్గం కోసం పంచాయతీ సభ్యుణ్ణి నిలదీసినా ప్రయోజనం లేదు.

రెండవది, అభ్యర్థుల వివరాలు. ఇవి ఎవరో చెప్పగా విన్నవి కాకూడదు. అభ్యర్థి తానే ప్రమాణం చేసి రాసి ఇచ్చినవి కావాలి. అలాంటి పత్రం ఒకటి ఉంది. దానిని ఫారం 26 అంటారు. నామినేషనుతో పాటు ప్రతి అభ్యర్థీ దీన్ని దాఖలు చేయాలి. తనపై విచారణలో ఉన్న కేసులు, పడిన శిక్షలు, తన పేరిటా భార్య లేక భర్త పేరిటా ఉన్న చరాస్తులు, స్థిరాస్తులు, అప్పులు, ఆదాయం, చదువు అన్నీ అందులో ఉంటాయి.

ఈ పత్రం మనకు ఊరికే రాలేదు. అహమ్మదాబాదులోని ఐ.ఐ.ఎం. ఆచార్యులు కొందరు 1999లో ఏ.డి.ఆర్. అనే సంస్థగా ఏర్పడి, అభ్యర్థుల వివరాలు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉండాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఆ హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. తరువాత చట్టాన్ని సవరించి, ఆ తీర్పు కోరిన వివరాల్లో కొన్నింటిని ఇవ్వనక్కరలేదన్నారు. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2013లో మరొక తీర్పు ద్వారా, ఈ పత్రంలో గడులు ఖాళీగా వదిలే వీలు లేకుండా చేసింది. అదే సంవత్సరం పై అభ్యర్థులెవరూ కారు అని చెప్పే నోటా మీట కూడా వచ్చింది. నేరారోపణలు ఉన్న అభ్యర్థులు ఆ సంగతిని పత్రికల్లోనూ, టీవీల్లోనూ ప్రకటించి తీరాలని 2018లో తీర్పు వచ్చింది.

ఈ పత్రాలు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతాయి. కాండిడేట్ అఫిడవిట్ అని వెదికితే చాలు. 2024 ఎన్నికలప్పుడు ఫోనులో కె.వై.సి. అనే యాప్ కూడా ఉండేది. ఎన్నికల అధికారి కార్యాలయం నోటీసు బోర్డుపైనా ప్రదర్శిస్తారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అభ్యర్థి రాసినదంతా నిజమేనా అని ఎన్నికల అధికారి విచారణ జరిపి సంతకం చేయడు. తప్పుడు వివరాలిస్తే చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు శిక్షకు అవకాశం ఉంది, అంతే. కాబట్టి మన కాగితంలో "ఇతనికి నాలుగెకరాలుంది" అని రాయకూడదు. "తన ప్రమాణ పత్రంలో నాలుగెకరాలు చూపారు" అని రాయాలి. ఈ చిన్న మార్పుతో మాట మనది కాకుండా పోతుంది, పత్రానిది అవుతుంది.

సమయం చాలదేమో అన్న సందేహం వద్దు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగుకు కనీసం పద్నాలుగు రోజులు ఉండాలని చట్టమే చెబుతోంది. 2024లో మనకు ఉపసంహరణ గడువు ఏప్రిల్ 8, పోలింగు ఏప్రిల్ 26. చిన్న కాగితానికి ఆ రోజులు సరిపోతాయి.

మూడవది, వరుస, కొలత. ఎవరి పేరు ముందు రాయాలి? మనం నిర్ణయించకూడదు. ఓటింగు యంత్రంపై ఏ వరుసలో ఉంటాయో ఆ వరుసలోనే రాయాలి. యంత్రంపై ముందుగా గుర్తింపు పొందిన పార్టీల వారు, తరువాత రిజిస్టరైన ఇతర పార్టీల వారు, చివర స్వతంత్రులు అక్షర క్రమంలో ఉంటారు. అందరి కిందా నోటా. ఇక కొలత. ఒక అభ్యర్థికి నాలుగు పంక్తులు ఇస్తే అందరికీ నాలుగే. గెలిచే అవకాశం లేదనుకుని స్వతంత్ర అభ్యర్థిని ఒక్క పంక్తితో సరిపెట్టడం కూడా పక్షపాతమే. ఎవరు గెలుస్తారో తేల్చేది పెట్టెలోని ఓట్లు, కాగితం రాసేవాడు కాదు.

నాలుగవది భాష. మా పిల్లలు ఎక్కువగా తడబడింది ఇక్కడే, మన సరిహద్దు వాళ్ళం అందరం తడబడేదీ ఇక్కడే. కన్నడానికీ తెలుగుకూ లిపి దగ్గరది, మాటలు దగ్గరవి. ఆ దగ్గరతనమే మోసం చేస్తుంది. కన్నడంలో మత అంటే ఓటు. మతదాన అంటే ఓటు వేయడం, మతదార అంటే ఓటరు, మతగట్టె అంటే పోలింగు కేంద్రం. తెలుగు మాత్రమే తెలిసిన అవ్వ చెవికి మతం అంటే దేవుడికి సంబంధించినదే. ఎన్నికల్లో ఆ మాట వినబడితే ఆమె ఏమనుకుంటుంది? కన్నడంలో శిక్షణ అంటే చదువు. తెలుగులో శిక్షణ అంటే ఒక పనిలో తర్ఫీదు. పైగా శిక్ష అన్న మాట దాని పక్కనే ఉంది. చదువు గడిలోని సంగతి జైలు గడిలోని సంగతిగా వినిపించే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు బాకి అన్న మాటతో జరిగింది. కన్నడంలో బాకి ఇరువ ప్రకరణగళు అంటే ఇంకా విచారణ ముగియని కేసులు. మా పిల్లల్లో ఒకడు తొందరలో దాన్ని "బాకీ ఉన్న ప్రకరణలు" అని దింపాడు. చదివి వినిపిస్తే వాళ్ళ నాన్న, "అయితే ఆయప్ప ఎవరికి ఎంత బాకీ?" అని అడిగాడు. కేసుల లెక్క కాస్తా అప్పుల లెక్క అయిపోయింది. ఒకరి మీద ఉన్న ఆరోపణ కనబడకుండా పోయింది, లేని అప్పు ఒకటి పుట్టుకొచ్చింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా ఆ కాగితం అలాగే ఊళ్ళోకి పోయి ఉంటే ఒక అభ్యర్థికి అన్యాయమూ, ఓటరుకు మోసమూ జరిగేవి.

కాబట్టి మాటలను ముందే ఖరారు చేసుకోవాలి. కేసు కోర్టులో నడుస్తుంటే "కేసు విచారణలో ఉంది" అనాలి. తీర్పు వచ్చి శిక్ష పడితే "శిక్ష పడింది" అనాలి. విచారణలో ఉన్నవాణ్ణి నేరస్తుడు అనకూడదు. శిక్ష పడినవాణ్ణి ఏవో కేసులున్నాయిలే అని తేల్చివేయనూ కూడదు. ఒకే రకమైన సంగతికి అందరికీ ఒకే మాట వాడాలి. ఒకరికి ఆస్తి అని, ఇంకొకరికి కూడబెట్టిన ఆస్తి అని రాస్తే, అంకెలు సరిగ్గా ఉన్నా మాట ఒక పక్షానికి ఒరిగిపోయినట్టే.

ఐదవది, ఊరి సమస్యల మీద ప్రశ్నలు. ప్రమాణ పత్రం అభ్యర్థి గతాన్ని చెబుతుంది. రేపు ఏం చేస్తాడో చెప్పదు. అందుకు మనం ప్రశ్నలు రాసి అందరికీ ఒకే రోజు పంపి, ఒకే గడువు ఇచ్చి, వచ్చిన జవాబును వారి మాటల్లోనే వేయాలి. జవాబు రాకపోతే "జవాబు రాలేదు" అని మాత్రమే రాయాలి, ఎందుకు రాలేదో ఊహించకూడదు. అమెరికాలో 1920లో ఏర్పడిన మహిళా ఓటర్ల సంఘం చేసే పని ఇదే. వారు ఏ అభ్యర్థినీ బలపరచరు, ఏ అభ్యర్థినీ వ్యతిరేకించరు. స్విట్జర్లాండులో దేశమంతటి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడల్లా ప్రభుత్వమే ఓటర్లకు ఒక చిన్న పుస్తకం పంపుతుంది. అది నాలుగు భాషల్లో వస్తుంది. వ్యతిరేకించేవారి వాదనకు కూడా అందులో చోటు ఉంటుంది. ఓటరు భాషలో సమాచారం ఇవ్వడం అక్కడ ఎవరో చేసే దయ కాదు, ఎన్నికలో ఒక భాగం.

ప్రశ్న రాయడంలో కూడా మెలకువ కావాలి. మన తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడు పాత బాధ. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకోవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతుంది. "ఫ్లోరైడు నీళ్ళు తాగించి మా ఎముకలు వంచిన పాలకుల గురించి ఏమంటారు?" అని అడిగితే మనసుకు కసి తీరుతుంది కానీ అది ప్రశ్న కాదు. "మీ పదవీకాలంలో తాగునీటి ఫ్లోరైడు సమస్యకు ఏ పని చేస్తారు, దానికి డబ్బు ఎక్కడ నుండి వస్తుంది?" అని అడిగితే జవాబును తూచి చూడవచ్చు.

తిరుమణి చుట్టూ ఐదు గ్రామాల పరిధిలో, సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ భూములను రైతుల నుండి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. లీజు డబ్బు అందుకునే రైతుకు ఒక అభిప్రాయం ఉంటుంది, ఆ పొలాల్లో కూలి చేసి బతికిన భూమిలేని కుటుంబానికి ఇంకొక అభిప్రాయం ఉంటుంది. "పార్కు వల్ల బాగుపడిన తాలూకాకు ఇంకేం చేస్తారు?" అని అడిగితే మొదటివారి పక్షం. "పార్కు వల్ల చెడిపోయిన కూలీలకు ఏం చేస్తారు?" అని అడిగితే రెండవవారి పక్షం. "లీజు ఇచ్చిన రైతుల విషయంలోనూ, భూమిలేని కూలీల విషయంలోనూ మీ ఆలోచన ఏమిటి?" అంటే ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

ఆరవది, పరీక్ష. కాగితం అచ్చుకు పోయే ముందు ఊళ్ళో ఒక్కొక్క పక్షానికి చెందినవారిని ఒక్కొక్కరిని పిలిచి చదివించండి. ఒక పక్షంవాడు మాత్రమే మెచ్చుకుంటే ఎక్కడో తప్పు ఉంది. అందరూ తలా కొంచెం సణిగితే కాగితం దారిలోనే ఉందని అర్థం. ఆ తరువాత, చదవడం రాని ఒకరికి వినిపించి, వారేం అర్థం చేసుకున్నారో వారి నోటనే చెప్పించుకోండి. బాకీ పొరపాటు మాకు బయటపడింది అలాగే.

ఏడవది, చట్టం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం, ఒక అభ్యర్థికి మేలో కీడో చేసే ఉద్దేశంతో వేసే ఎన్నికల కరపత్రంపై అచ్చువేసినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. మన కాగితం ఎవరికీ మేలూ కీడూ తలపెట్టనిదే. అయినా పేరు వేసుకోవడం మంచి అలవాటు. పేరు లేని కాగితాన్ని ఎవరూ నమ్మకూడదు, మనదైనా సరే. పంచడం ముందే ముగించండి. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు ప్రచారం మానవలసిన కాలం కాబట్టి, ఆ గడువులో కాగితాలు పట్టుకుని తిరిగి అనుమానం తెచ్చుకోవద్దు. ప్రభుత్వోద్యోగులు ఒక అభ్యర్థి కోసం పని చేయరాదు. ఎన్నికల విధిలో ఉన్నవారు అభ్యర్థుల వివరాల జోలికి పోకుండా తేదీ, కేంద్రం, ఓటు వేసే తీరు వంటి సంగతులకు పరిమితం కావడం మేలు.

ఇంకొక హెచ్చరిక. తెలుగునాట 1999 ఎన్నికలప్పుడే లోక్‌సత్తా సంస్థ నేరచరిత్ర గల అభ్యర్థుల పేర్లు సేకరించి ప్రకటించింది. అప్పటికి ఫారం 26 పద్ధతి రాలేదు. అది ధైర్యమైన పని. అదే ఉద్యమం 2006లో రాజకీయ పార్టీగా మారింది. ఎన్నికల్లో పోటీ చేయడం ఎవరికైనా ఉన్న హక్కు. అయితే పోటీకి దిగిన రోజు నుండి సమాచారం చెప్పే పీట ఇంకొకరికి వదలాలి. మీ ఊరి కాగితం తయారు చేసేవారిలో రేపు పంచాయతీకి నిలబడదలచినవారుంటే, ఆ సంగతి ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలి.

కాగితం అడుగున ఓటు వేసే తీరు రాయండి. ఓటరు స్లిప్పు ఒక్కటే చేతిలో ఉంటే చాలదు, గుర్తింపు కార్డు లేదా ఎన్నికల సంఘం ఒప్పుకున్న మరొక పత్రం కావాలి. మీట నొక్కాక పక్కనున్న వి.వి.ప్యాట్ అద్దంలో మీరు వేసిన గుర్తు ఏడు సెకన్లు కనిపిస్తుంది, చూసుకోండి. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోను చేయండి. సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలు ఉన్నవాళ్ళం కనుక ఒక మాట. ఒక మనిషి పేరు ఒకే చోట ఓటరు జాబితాలో ఉండాలి. రెండు చోట్ల ఉండడం చట్టవిరుద్ధం.

చివరగా, మా కాగితం చేరని ఒక ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఇంటి అబ్బాయి హిందూపురం వైపు పనికి పోతాడు. అతను పని చేసే చోట అందరూ మే 13 అంటుంటే, తానూ ఆ రోజుకే సెలవు అడిగిపెట్టుకున్నాడు. మే 12 రాత్రి ఇంటికి వచ్చాడు. మన పోలింగు జరిగి అప్పటికి రెండు వారాలు దాటింది. వేరే చోట పని చేస్తున్నా, తన నియోజకవర్గంలో పోలింగు జరిగే రోజున జీతంతో కూడిన సెలవు పొందే హక్కు చట్టం 135బి సెక్షను కింద అతనికి ఉండింది. ఆ సంగతీ అతనికి తెలియదు. "నాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతను ఎవరికి వేసేవాడో నాకు తెలియదు, తెలియనక్కర లేదు. కానీ వేయగలిగి ఉండేవాడు.

అవ్వ మాత్రం ఏప్రిల్ 26న పొద్దున్నే వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. "పేర్లన్నీ చదివి చెప్పినారు, అందుకే యోచన చేసి వేసినానప్పా" అంది. వచ్చే ఎన్నిక ఏదైనా కానివ్వండి, మీ వీధిలోనూ ఒక అవ్వ ఉంటుంది, పొరుగూరికి పనికి పోయే ఒక అబ్బాయి ఉంటాడు. ఉపసంహరణ గడువు ముగిసిన నాటి సాయంత్రమే నలుగురు కూర్చుని మొదలుపెట్టండి.